కడిగిన ఉప్పురాయి

చాలా ఏళ్ళుగా నా గుండె మీద ఒక రాయి ఉంది. మాటవరసకు అనడం లేదు. నిజంగా రాయే. అరచేతిలో ఇమిడేంత, కొద్దిగా గులాబి రంగు కలిసిన తెల్లటి ఉప్పురాయి. దాన్ని నేను కడిగాను. కడిగి, కడగలేదని చెప్పాను. నేను చేసింది అంతే. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది కదా? నాకూ మొదట్లో ఇంతేలే అనిపించింది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ళకు చెప్పలేకపోయాను. మా ఆయనకు చెప్పలేదు. పక్క క్వార్టర్ అక్కకు అసలే చెప్పలేదు, ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం చర్చిలో తల వంచుకున్నప్పుడు చేసిన పాపాలన్నీ గుర్తు చేసుకుంటాను. పిల్లను కొట్టింది, అత్తను విసుక్కున్నది, ఎవరి మీదో కుళ్ళుకున్నది, అన్నీ వచ్చి నిలబడతాయి. ఇది మాత్రం రాదు. పోయి ఏ మూలో దాక్కుంటుంది. ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతుంటే అప్పుడొస్తుంది.

నేను గోదావరిఖనిలో రాళ్ళను పరీక్షించే ఒక చిన్న ల్యాబులో పనిచేసేదాన్ని. రాళ్ళకు పరీక్షలేమిటని నవ్వకండి. బొగ్గు పొర మీద ఇసుకరాయి ఉంటుంది. అందులో కంటికి కనపడని సందులుంటాయి, ఆ సందుల్లో నీళ్ళు నిలుస్తాయి. కింద మనుషులు పనిచేసే చోటికి ఆ నీళ్ళు ఎంత దిగుతాయో ముందే తెలియాలంటే, రాతిలో ఎంత ఖాళీ ఉందో కొలవాలి. భూమిలోంచి గొట్టంతో తీసిన రాతి ముక్కలు పెట్టెల్లో మా దగ్గరికి వచ్చేవి. వాటిని కోసి, కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టి, యంత్రంలో పెట్టేవాళ్ళం.

యంత్రమంటే పెద్దదేమీ కాదు. గట్టి మూత ఉన్న స్టీలు గిన్నె అనుకోండి. రాయిని అందులో పెట్టి, మూత బిగించి, గ్యాసు వదులుతాం. గ్యాసు సందుసందులోకీ దూరుతుంది. అది దూరలేకపోయినదంతా అసలు రాయి అన్నమాట. రాయి బయటి కొలతను పట్టకారులాంటి కాలిపర్‌తో ముందే తీసి పెట్టుకుంటాం. బయటి కొలతలోంచి అసలు రాయిని తీసేస్తే మిగిలేది ఖాళీ. డబ్బా ఎంత, అందులో బియ్యమెంత అని చూసుకోవడం లాంటిదే. ఈ లెక్క గుర్తుంచుకోండి. నా పాపం ఈ లెక్కలోనే ఉంది.

ఇంకొక్కటి చెప్పాలి. మా ఊళ్ళో కడగడం అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. దుమ్ము. ఓపెన్‌కాస్టు గని మీదినుంచి, రోడ్డు మీది లారీల మీదినుంచి, ఎక్కడినుంచైనా వస్తుంది. పొద్దున తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. కడిగి బోర్లించిన కంచమైనా సరే, అన్నం పెట్టేముందు ఇంకోసారి కడుగుతాం. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు వాళ్ళ కంచాన్ని కూడా కడగబోయి మా అమ్మ ఎన్నిసార్లు మాట పడిందో. ఆలోచించి చేసే పని కాదది. చెయ్యి దానంతటదే నల్లా వైపు పోతుంది.

ఆ ఉప్పురాయి తెచ్చిన పిల్ల పేరు స్వరూప. ఆమెది రామగిరి వైపు పల్లె. వాళ్ళ నాయిన గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. దాటి అక్కడ ఆగలేదు, పెద్ద చదువు దాకా పోయింది. దూరపు కాలేజీలో ఉప్పురాయి మీద పరిశోధన చేస్తోంది. భూమి లోపల ఉప్పు పొరల్లో గుహల్లాంటివి చేసి గ్యాసు దాచుకోవచ్చంట. ఉప్పులో సందులుంటే గ్యాసు కారిపోతుంది. లేకపోతే నిలుస్తుంది. ఆ సందులున్నాయా లేవా, ఉంటే ఎంత, అన్నది ఆమె పని. వాళ్ళ కాలేజీ యంత్రం చెడిపోతే, సొంత ఊరి దగ్గర మా ల్యాబు ఉందని వెతుక్కుంటూ వచ్చింది.

ఆమె తెచ్చిన ముక్కలు నేనెప్పుడూ చూడనివి. మా రాళ్ళన్నీ బూడిద రంగువి, నల్లవి. ఇవి పటికబెల్లంలా మెరుస్తున్నాయి. ఎక్కడో ఉత్తరాది కొండల్లోని గనివాళ్ళను బతిమాలి, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి సంపాదించింది. నీళ్ళు తగలకుండా పొడి రంపంతో కోసి, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసింది. బయటి కొలతలు కూడా తనే తీసి పెట్టుకుంది. వాళ్ళ త్రాసు బాగాలేదని బరువు మాత్రం నాకు వదిలింది.

"అక్కా, జర పైలం. దీనికి నీళ్ళు అస్సలు తగలొద్దు. తడిబట్టతోని గూడ తుడవద్దు" అంది.

"నాకు చెప్తున్నవా? ఎన్ని రాళ్ళు చూసిన్నో నేను. ఫికర్ చెయ్యకు, పో" అన్నాను.

ఆ మాటలో ఎంత గర్వముందో ఇప్పుడు వినపడుతోంది. అప్పుడు వినపడలేదు.

ఆమె వెళ్ళిన మర్నాడు పొట్లం విప్పి ముక్కలను ట్రేలో పేర్చాను. ఓవెన్ ఖాళీ చేస్తుంటే అంతకుముందు ఆరబెట్టిన బొగ్గు నమూనా పొడి కొంత వాటి మీద పడింది. తెల్లటి రాళ్ళు, మీద నల్లటి పొడి. నాకు చిరాకేసింది. అంత మురిపెంగా తెచ్చిన పిల్ల రాళ్ళు ఇట్లా ఉంటే ఎట్లా అనుకున్నాను. ట్రే తీసుకుని సింకు దగ్గరికి పోయాను. నల్లా తిప్పాను. ఒక్కొక్క ముక్కనే నీళ్ళ కింద పట్టి, మెత్తటి బ్రష్షుతో చుట్టూ రుద్ది, పక్కన పెట్టాను. పాట కూడా పాడుకుంటున్నాననుకుంటాను. అన్నీ అయిపోయాక చెయ్యి పెదవికి తగిలింది. నాలుక ఉప్పగా అయింది.

అట్లాగే నిలబడిపోయాను. నల్లా పోతూనే ఉంది. చెప్పింది కదా, తడిబట్ట కూడా వద్దని చెప్పింది కదా. నా బుద్ధి ఏ గడ్డి తినడానికి పోయింది?

మీరిక్కడ అనొచ్చు, పొరపాటే కదా అని. అవును, ఇక్కడిదాకా పొరపాటే. అలవాటు చేసిన పని. ఇక్కడ ఆగి ఆ పిల్లకు ఫోను చేసి ఉంటే ఇదంతా మీకు చెప్పే పని ఉండేది కాదు. ఆమె ఏడ్చేది. నన్ను తిట్టేది కూడా కాదేమో.

పైగా రాళ్ళు పూర్తిగా పాడైపోలేదు. ఇదే నన్ను ఎక్కువ తినేస్తుంది. చుట్టూ పల్చటి పొర కరిగింది, లోపల రాయి లోపలే ఉంది. కాలిపర్ నా సొరుగులో ఉంది. ఆరిన తర్వాత బయటి కొలతలు మళ్ళీ తీసుకుంటే లెక్క చాలావరకు సరిపోయేది. అది నాకు తెలుసు. సొరుగు తెరిచాను కూడా. తెరిచి మూసేశాను. కొత్త కొలత తీస్తే ఆమె కొలతకంటే తక్కువ వస్తుంది. ఎందుకు తగ్గిందని అడుగుతుంది. అడిగితే చెప్పాలి.

అందుకని ఆమె తీసిన పాత కొలతలే వేశాను. యంత్రం మాత్రం ఉన్న రాయినే చూసింది. కరిగి సింకులో పోయిన ఉప్పంతా రాతి లోపలి ఖాళీగా లెక్కకొచ్చింది. రాతిలో లేని సందులను నేను పుట్టించాను.

ఎందుకు దాచావని నన్ను నేను ఎన్ని రకాలుగా అడిగానో. అప్పుడు మా సారు ఒకరిని పనిలోంచి తీసేస్తానంటున్నాడు. భయపడ్డాను, నిజమే. అదొక్కటే అయితే ఈపాటికి నన్ను నేను ఓదార్చుకునేదాన్ని. కానీ అదొక్కటే కాదు. "నాకు చెప్తున్నవా?" అన్నాను కదా. ఆ మాట అన్న నోటితోనే తప్పు చేశానని ఎట్లా అనేది? ఇంకా కింద ఇంకొకటుంది, దాన్ని ముట్టుకోవాలంటే ఇప్పటికీ చెయ్యి రాదు. నేను డిగ్రీ చేసి ఆగిపోయాను. చదువుతానని ఏడ్చాను, పెళ్ళి చేశారు. ఈ పిల్ల నాకంటే చిన్నది, నాకంటే పేదింటిది, రాళ్ళు భుజాన వేసుకుని దేశమంతా తిరుగుతోంది. ఆమెకు చెడు జరగాలని కోరుకున్నానా? లేదు. ఒట్టు, లేదు. జరుగుతుంటే ఆపాలని మాత్రం అంత గట్టిగా అనిపించలేదు. అది ఇంకోలాంటి కోరికేనా? నాకు తెలియదు.

ఆమె రాళ్ళు తీసుకోవడానికి వచ్చింది. పొట్లం విప్పి ఒక ముక్కను కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి తిప్పి తిప్పి చూసింది.

"ఏంది అక్కా, అంచులు గిట్ల మొద్దువారినయి? మెరుపు గూడ పోయింది."

నేను చేతులు తుడుచుకుంటున్నాను. చేతులకేమీ అంటలేదు.

"ఓవెన్ల పెడితిమి గద. వేడికి గట్లనే అయితది."

"నీళ్ళు గిట్ల తగిలినయా?"

"లేదు."

"ఒక్క చుక్క గూడ?"

"నువ్వు గన్ని తీర్ల చెప్పినంక గూడ తడుపుతనా? నా మీద నమ్మకం లేదా ఏంది?"

గొంతు పెంచాను. దొంగకే కదా నోరు ఎక్కువ. ఆమె ముఖం చిన్నబోయింది. రాయిని కింద పెట్టి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"అయ్యో, గట్ల గాదక్కా. నువ్వు లేదంటే లేదే."

అంకెలు చూసుకున్నాక ఆమె ఆనందం చూడాలి. ఆ పొర ఉప్పులో సందులు లేవని అందరూ అనుకుంటున్నారంట, ఈ అంకెల్లో మాత్రం ఉన్నాయి. "ఎవ్వలు చెప్పలేదక్కా ఇది. నేనే మొదలు" అంది. తర్వాత వచ్చినప్పుడు వాళ్ళమ్మ చేసిన మక్కజొన్న గారెలు డబ్బా నిండా తెచ్చింది. నేను తిన్నాను. ఏం చెయ్యమంటారు, తిన్నాను. బాగున్నాయని కూడా చెప్పాను.

తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆ అంకెల మీదే ఆమె ఏళ్ళ పని నిలబెట్టింది. వాళ్ళ సారు నమ్మాడు, పెద్ద సభలో పదిమంది ముందు చెప్పించాడు. అక్కడెవరో అదే పొర రాయిని తామూ కొలిచామని, అందులో ఖాళీ లేనే లేదని లేచారు. మళ్ళీ కొలుద్దామంటే ఈమె ముక్కలు లేవు, బలం చూసే పరీక్షలో నలిగి పొడి అయిపోయాయి. రాయిని సరిగ్గా చూసుకోలేదన్నారు. కావాలనే అంకెలు పెంచిందేమోనని కూడా ఒకరన్నారంట. సారు ముఖం తిప్పుకున్నాడు. కొన్నాళ్ళు పట్టుకుని వేలాడింది. తర్వాత వదిలేసి ఊరికి వచ్చేసింది.

ఇదంతా ఆమే చెప్పింది, కూరగాయల మార్కెట్లో, టమాటాలు ఏరుకుంటూ. చిక్కిపోయింది. నేనూ టమాటాలు ఏరడం మొదలుపెట్టాను.

"నా చేతుల చెమటేమో అక్కా. ఎండకాలం గద. చేతికి తొడుగు లేకుంట పట్టుకుంటి. దేనికి దేనికో తొందరపడితి" అంది.

అది నాకు దొరికిన రెండో అవకాశం. నోటిదాకా వచ్చింది. పక్కన జనం ఉన్నారు కదా అని సాకు దొరికింది. "పోనీ తీ స్వరూపా. ఏదో ఒకటి దొరుకుతది" అన్నాను. ఏదో ఒకటి! మనిషి ఇష్టపడి కట్టుకున్న బతుకును కూల్చి, ఏదో ఒకటి దొరుకుతుందని చెప్పాను.

దొరికింది. ఒక ప్రైవేటు బళ్ళో సైన్సు చెబుతుంది. సాయంత్రం మా కాలనీలోనే ట్యూషన్ పెట్టింది. మా అమ్మాయి స్నేహ అక్కడికే పోతుంది. నేను పంపలేదు, దాని స్నేహితులు పోతున్నారని అది పట్టుబట్టింది. వద్దనడానికి నాకు కారణం లేదు. ఉన్న కారణం చెప్పలేను. ల్యాబులో పని నేను ఎప్పుడో మానేశాను. అది ప్రాయశ్చిత్తం అనుకునేరు, కాదు, నడుము నొప్పికి మానేశాను. రోజూ సాయంత్రం పిల్లను తీసుకురావడానికి పోతే స్వరూప గుమ్మం దగ్గరికి వచ్చి "బాగున్నవా అక్కా? మీ స్నేహ మంచిగ చదువుతంది" అంటుంది. ఆ "అక్కా" అన్న పిలుపు రోజూ వింటాను.

నిన్న స్నేహ ఇంటికొచ్చి పుస్తకాల సంచీ పడేసి మొదలుపెట్టింది. టీచరు గల్లుప్పు, అదే రాళ్ళుప్పు, పెద్ద గడ్డ తెచ్చి, స్కేలుతో కొలిపించి, నల్లా కింద కొంచెంసేపు పట్టి మళ్ళీ కొలిపించిందంట. తగ్గింది కదా, ఆ తగ్గింది ఎటు పోయింది అని అడిగిందంట.

"టీచర్ పెద్ద తప్పు చేసిందంట మమ్మీ. ముందు ఒక రాయి మీద చదువుకుంటుండెనంట. చేతుల చెమటతోని అది కరిగిందంట. చూసుకోలేదంట. అందుకే చదువు పోయిందంట. ఏదన్న కొలిచేటప్పుడు మీరు నా లెక్క చెయ్యొద్దు అన్నది."

నేను పొయ్యి దగ్గరున్నాను. వెనక్కి తిరగలేదు.

"టీచర్ అన్ని గంత మంచిగ చేస్తది గద మమ్మీ. మరి గట్లెట్ల చేసింది?"

"చేతులు కడుక్కోపో. అన్నం తిందువు" అన్నాను.

నా తప్పును ఆమె తన తప్పుగా పిల్లలకు పాఠం చెబుతోంది. అది కూడా నా పిల్లకు. చెమటకు అంతంత కరగదని ఆమెకు తెలియదా? చదువుకున్న మనిషి, తెలియకేం. కానీ ఎక్కడ వెతికినా ఇంకో దారి కనపడి ఉండదు. నీళ్ళు తగల్లేదని నేను చెప్పాను కదా. నా మాట నమ్మాలంటే తనను తాను అనుమానించుకోవాలి. ఇన్నేళ్ళు ఆమె అదే చేసింది. నేను ఉద్యోగం కాపాడుకున్నాను, పరువు కాపాడుకున్నాను, ఆమె నా మాటను కాపాడింది.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు. నేను తినలేదు, నాలుకతో చూశాను అంతే. అయినా దప్పిక తీరలేదు.

ఇప్పుడు సాయంత్రమవుతోంది. మా ఆయన ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. ఇల్లు నిమ్మళంగా ఉంది. ఇది రాస్తూ రెండుసార్లు లేచి పోయి కంచాలు కడిగి వచ్చాను, కడిగినవే. మీరు నన్ను క్షమిస్తారని రాయలేదు. క్షమించడానికి మీ రాయి కాదు కదా అది. ఒకసారి ఈ మాటను నా నోరు కాకపోయినా నా చెయ్యి అయినా చెప్పగలదా అని చూసుకుందామని రాశాను. చెప్పగలిగింది. ఊపిరి కొంచెం కిందికి దిగుతోంది.

ఇంత చెప్పినా ఆమె అడిగిన దానికి జవాబు ఇంకా రాయలేదు. ఒక్క చుక్క కూడా తగల్లేదా అని అడిగింది. ఇదీ జవాబు.

తగిలినయి స్వరూపా. నేనే కడిగిన. నల్లా కింద పట్టి, బ్రష్షుతోని రుద్ది కడిగిన. నీ చేతుల చెమట గాదు. నీ తప్పు ఏం లేదు.

చూశారా, ఎంత చిన్నగా ఉందో. ఈ నాలుగు మాటలకు ఇన్నేళ్ళు పట్టింది. మోచెయ్యి పట్టుకుని "నువ్వు లేదంటే లేదే" అన్న మనిషి, ఇప్పుడు నేను తగిలాయంటే ఏమంటుందో నాకు తెలియదు. నమ్ముతుంది. అదే నా భయం. నమ్మి, అప్పుడు నా ముఖం వైపు చూస్తుంది.

ట్యూషన్ విడిచే వేళయింది. స్నేహను వాళ్ళ ఫ్రెండుతో కలిసి ముందు నడవమని చెబుతాను. నేను గుమ్మం దగ్గరే ఆగుతాను.